పువ్వు ఎండితే నాకేంది అనేవాళ్లకు



ఈ పోస్టు పెద్దది. మోటారు కాడ కరెంటు కోసం కూర్చున్నప్పుడు చదవండి. నచ్చకపోతే తిట్టండి గానీ సాంతం చదివి తిట్టండి.

మొన్న టీ అంగడి కాడ జరిగిన మాట ఇది. మా అక్క కొడుకు అమెరికాలో టెక్సాస్‌లో ఉద్యోగం చేస్తాడు. సెలవు దొరికితే కారేసుకొని పక్క రాష్ట్రం న్యూ మెక్సికోకు పోయినాడు. అక్కడ రాస్‌వెల్ అనే ఊరి పక్కన బిట్టర్ లేక్ అని పక్షుల కోసం, జంతువుల కోసం సర్కారు కాపాడే చోటు ఉంది. బిట్టర్ లేక్ అంటే చేదు చెరువు. పేరులోనే ఉంది, ఆ నీళ్లు నోట పెట్టలేమని. అక్కడ తీసిన ఫోటో ఒకటి నాకు పంపినాడు. తెల్లగా ఉప్పు పూసిన నేల, మన చౌడు మాదిరే. నడుమ బురద. ఆ బురదలో మనిషెత్తు పొద్దుతిరుగుడు చెట్లు, నిండా పసుపు పూలు. "మామా, ఇది అడవి పొద్దుతిరుగుడు, ఉప్పు బురదలోనే బతుకుతుంది, చాలా తక్కువ చోట్ల మిగిలింది, దీన్ని కాపాడడానికి చట్టం ఉంది" అని రాసినాడు.

ఫోటో అంగడి కాడ అందరికీ చూపించినా. మన వాళ్లలో ఒకాయన చూసి "పువ్వుకు చట్టం, రైతుకు అప్పు. వాళ్లకు పనీపాటా లేదు" అన్నాడు. అందరూ నవ్వినారు. నేనూ నవ్వినా.

అదే పూట, అదే బల్ల మీద, మన వంక ఊట పక్కన పడబోయే కొత్త బోరు గురించి కూడా మాట నడిచింది. వెయ్యి అడుగులు వేస్తారంట, చీనీ తోటకంట. "వాళ్ల భూమి, వాళ్ల డబ్బు, వాళ్లేసుకుంటారు, మనకేంది" అన్నాడు అదే మనిషి.

ఇంటికొచ్చి ఫోన్లో ఆ పువ్వు గురించి చదవడం మొదలుపెట్టినా. మూడు రాత్రులు చదివినా. అర్థం కానిచోట అల్లుడికి ఫోన్ చేసి అడిగినా. చదివే కొద్దీ నవ్వినందుకు సిగ్గేసింది. అంగడి కాడ మనం మాట్లాడుకున్న ఆ రెండు సంగతులూ ఒకటే సంగతి. అది చెప్పడానికే ఈ పోస్టు.

ముందు ఆ మొక్క ఏందో చెప్తా.

దాన్ని అక్కడ పీకోస్ సన్‌ఫ్లవర్ అంటారు. పీకోస్ అనేది అక్కడ పారే నది పేరు. న్యూ మెక్సికోలోనూ, టెక్సాస్ పడమటి భాగంలోనూ కొద్ది చోట్ల తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా తనంతట తాను మొలవదు. మన చేలల్లో పెరిగే దానికంటే ఆకు సన్నగా ఉంటుంది, నూగు తక్కువ, పువ్వు చిన్నది, కొమ్మలు ఎక్కువ. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పూస్తుంది. ఏడాది మొక్క. విత్తనం రాలి, మళ్లీ మొలిచి, మళ్లీ పూసి, ఆ ఏడాదికే చచ్చిపోతుంది. అంటే ఏటా కొత్తగా మొలవాల్సిందే. తడి లేకపోతే మొలక లేదు.

దానికి కావలసినవి రెండు. నేలలో ఉప్పు ఉండాలి, వేరుకు ఏడాది పొడుగునా తడి ఉండాలి. అది ఎండ మండే ఎడారి దేశం. సముద్రం వందల మైళ్ల దూరంలో ఉంది. అక్కడ ఉప్పు బురద ఎట్లా వస్తుందంటే, భూమి అడుగున సున్నపురాయి పొరల్లోంచి నీళ్లు ఊట మాదిరి పైకి ఉబికి వస్తాయి. వస్తూ వస్తూ రాళ్లలోని లవణాలను కరిగించుకొని వస్తాయి. పైకి వచ్చినాక ఎండకు నీళ్లు ఆవిరైపోతాయి, లవణం మిగులుతుంది. మన చెరువు కట్ట కింద జవుకు చౌడు ఎందుకు పూస్తుందో అదీ అందుకే. మనం ఆ నేలను చూసి "చౌడు, దేనికీ పనికిరాదు" అని మొహం తిప్పుకుంటాం. వాళ్ల దేశంలోనూ అట్లే తిప్పుకున్నారు, చాలా కాలం.

ఈ మొక్కను 1958లో చార్లెస్ హైజర్ అనే శాస్త్రజ్ఞుడు కొత్త జాతిగా గుర్తించి పేరు పెట్టినాడు. పేరు హీలియాంథస్ పారడాక్సస్. పారడాక్సస్ అంటే లెక్కకు అందనిది, చిక్కుముడి అని అర్థం. ఆ ముడి తర్వాత లోరెన్ రీసెబర్గ్ అనే శాస్త్రజ్ఞుడూ, ఆయనతో పనిచేసిన వాళ్లూ విప్పినారు. రెండు వేరు వేరు అడవి పొద్దుతిరుగుళ్లు, ఎప్పుడో వేల వేల ఏళ్ల కింద, మనిషి చెయ్యి పడకుండా వాటంతట అవే కలిసి ఈ మూడోదాన్ని పుట్టించినాయి. ఒకటి మన చేలోని పొద్దుతిరుగుడు జాతే, దాని అడవి రూపం. అది బరువు నేలల్లో పెరుగుతుంది. రెండోది పెటియోలారిస్ అనే జాతి, ఇసుక నేలల్లో పెరుగుతుంది. తల్లికీ తండ్రికీ ఇద్దరికీ ఉప్పు పడదు. బిడ్డ మాత్రం ఉప్పు బురదలో నిలబడి పూస్తుంది. మన ఇళ్లల్లోనూ చూస్తుంటాం కదా, తల్లిదండ్రులు చేయలేని పని బిడ్డ చేసి చూపిస్తుంది. అట్లాంటిదే.

ఇప్పుడు "మనకేంది" అన్న మాటకు మొదటి జవాబు.

మీలో చాలామంది పొద్దుతిరుగుడు వేసినవాళ్లే. మా నాయన కాలంలో మన జిల్లాకు ఈ పంట కొత్త. 1969లో రష్యా నుంచి రకాలు తెప్పించి మన దేశంలో మొదలుపెట్టినారు. 1980లో బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం బీఎస్‌హెచ్-1 అని మన దేశపు మొదటి హైబ్రిడ్ విడుదల చేసింది. అప్పటి నుంచి హైబ్రిడ్ ప్యాకెట్లే మనకు అలవాటయినాయి.

సీడ్ పంట వేసినవాళ్లకు తెలుసు, హైబ్రిడ్ విత్తనం ఎట్లా తయారవుతుందో. ఆడ సాళ్లు వేరు, మగ సాళ్లు వేరు. ఆడ సాళ్లలోని పువ్వుకు పుప్పొడి రాకూడదు. వస్తే తనతో తానే కలిసిపోతుంది, హైబ్రిడ్ కాదు. ఒక్కో పువ్వులో వందల చిన్న పూలుంటాయి, చేత్తో పుప్పొడి తీసేయడం ఎవరి తరమూ కాదు. మరి పుట్టుకతోనే పుప్పొడి లేని ఆడ మొక్క యాడనుంచి వచ్చింది? 1969లోనే ఫ్రాన్స్‌లో లెక్లెర్క్ అనే శాస్త్రజ్ఞుడు ఒక అడవి పొద్దుతిరుగుడును పెంపుడు రకంతో కలిపి ఆ గుణం సంపాదించినాడు. ఆ అడవి మొక్క పెటియోలారిస్. నేను పైన చెప్పిన ఇసుక నేలల మొక్క అదే. ఉప్పు బురద పువ్వుకు కన్నవాళ్లలో ఒకటి. ఈరోజు ప్రపంచంలో అమ్మే పొద్దుతిరుగుడు హైబ్రిడ్లలో ఇంచుమించు అన్నిటికీ ఆ గుణం అక్కడి నుంచి వచ్చిందే.

అంటే మీరు అంగట్లో వేల రూపాయలు పోసి కొనే ప్యాకెట్‌లో, ఎవరూ లెక్కచేయని ఒక ఇసుక నేల కలుపు మొక్క సొత్తు ఉంది. దాన్ని కూడా ఒకప్పుడు "దేనికీ పనికిరాదు" అనే ఉంటారు.

ఇక ఉప్పు పువ్వు విషయానికొస్తే, అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రజ్ఞులు దాన్ని పెంపుడు రకాలతో కలిపి, ఉప్పును తట్టుకునే గుణాన్ని పంటలోకి తెచ్చినారు. ఇది పేపర్ మీది కథ కాదు, బ్రీడింగ్ లైన్లు తయారయినాయి. మన కాలువల కింద, చెరువుల కింద ఎన్ని ఎకరాలు చౌడు పట్టి పోతున్నాయో మీకు నేను చెప్పాల్నా? జిప్సం తోలి తోలి అలసిపోయినవాళ్లు మనలో ఎంతమంది లేరు? రేపు మన మనవళ్లు ఆ నేలలో ఏదైనా పండించాలంటే ఆ గుణం యాడో ఒక చోట బతికి ఉండాలి. ఏ కంపెనీ దాన్ని ప్రయోగశాలలో కూర్చొని కనిపెట్టలేదు. ఒక బురద గుంట దాన్ని దాచిపెట్టింది.

ఇంతవరకు చెప్పింది లాభం లెక్క. కానీ లాభం లెక్క ఒక్కటే అయితే నేను ఇంత పొడుగు రాసేవాణ్ణి కాదు. అసలు సంగతి నీళ్లది.

టెక్సాస్‌లో ఫోర్ట్ స్టాక్టన్ అని ఒక చిన్న పట్నం ఉంది. మా అల్లుడు వచ్చేటప్పుడు ఆ ఊరి మీదుగానే వచ్చినాడు. ఆ ఊరు పుట్టిందే ఊట మీద. కమాంచీ స్ప్రింగ్స్ అని పేరు. కమాంచీలు అంటే అక్కడి పాత జాతి మనుషులు, గుర్రాల మీద దక్షిణానికి పోతా వస్తా అక్కడ నీళ్లు తాగేవాళ్లు. ఆ ఊటలు మామూలువి కావు. సెకనుకు వెయ్యి లీటర్లకు పైనే నీళ్లు, మోటారు లేదు, కరెంటు లేదు, భూమి తనంతట తానే పైకి తోసేది. మన ఊళ్లో అన్ని బోర్లూ ఒకేసారి ఆన్ చేసినా అంత రావు. ఆ నీళ్లను కాలువలకు మళ్లించి, ఊటకు దిగువన ఆరు వేల ఎకరాలకు పైగా సాగు చేసుకున్నారు. వందకు పైగా కుటుంబాలు దాని మీద బతికినాయి. రెండు మూడు తరాల సేద్యం.

1940ల చివర, 1950లలో ఏం జరిగింది? ఊరికి పడమట కొన్ని మైళ్ల దూరంలో, ఎగువన, పెద్ద భూముల వాళ్లు లోతు బోర్లు వేసినారు. పెద్ద పంపులు పెట్టినారు. అక్కడ కొత్త పొలాలు పచ్చబడినాయి, ఇక్కడ ఊట సన్నబడింది. దిగువ రైతులు అందరూ కలిసి కోర్టుకు పోయినారు. "మా తాతల నుంచి పారుతున్న నీళ్లు, ఎగువన తోడి మా కాలువ ఎండబెడుతున్నారు, ఆపండి" అని. ప్రతివాదుల్లో క్లేటన్ విలియమ్స్ అనే పెద్ద రైతు పేరు మొదట ఉంటుంది. 1954లో తీర్పు వచ్చింది. దిగువ రైతులు ఓడిపోయినారు.

ఎందుకు ఓడినారంటే, ఆ రాష్ట్రంలో 1904 నుంచి ఒకటే సూత్రం. నీ భూమి కింద ఉన్న నీళ్లు నువ్వు తోడుకున్నంత నీదే. పక్కవాడి బావి ఎండినా, ఊట ఎండినా వాడు నిన్ను అడగడానికి లేదు. భూమి అడుగున నీళ్లు ఎట్లా నడుస్తాయో మనిషికి తెలియదు కాబట్టి దాని మీద హక్కులు తేల్చలేమని పాత కాలపు జడ్జీల వాదన. కానీ 1954 నాటికి నీళ్లు ఎట్లా నడుస్తాయో ఆ ఊళ్లో చంటిపిల్లకు కూడా తెలుసు. ఎగువ పంపు ఆన్ చేస్తే దిగువ కాలువ తగ్గుతుంది. ఇంకేం రుజువు కావాలి?

1961 నాటికి కమాంచీ ఊటలు పూర్తిగా ఆగిపోయినాయి. దిగువ పొలాలు బీడు పడినాయి. కాలువలు దుమ్ము పట్టినాయి. కుటుంబాలు వలస పోయినాయి. ఆ ఊట కాడ కట్టిన ఈత కొలను ఇప్పటికీ ఉంది, ఏటా నీళ్ల పండగ కూడా చేసుకుంటారు. కానీ కొలనులో నింపేది ఊట నీళ్లు కాదు, గొట్టం నీళ్లు. మా అల్లుడు ఆ కొలను ఫోటో కూడా పంపినాడు. దాన్ని చూస్తే నాకు మన ఊరి కోనేరు గుర్తుకొచ్చింది.

ఇంకో సంగతి వినండి. 1980ల తర్వాత కొన్ని చలికాలాల్లో, ఎగువన సేద్యం లేక పంపులు ఆగినప్పుడు, ఆ చచ్చిన ఊట మళ్లీ కొద్దిగా పారింది. వేసవిలో పంపులు మొదలైతే మళ్లీ ఆగింది. "వానలు లేక ఎండింది, దేవుడి దయ లేదు" అనేవాళ్లకు దీనికంటే జవాబు లేదు.

ఇప్పుడు పువ్వు దగ్గరికి రండి. ఆ మొక్కకు చోటు యాడుంది? ఇట్లాంటి ఊటల అంచునే. ఆ పీకోస్ నది చుట్టుపక్కల కమాంచీ ఒక్కటే కాదు, అట్లాంటి ఊటలు ఒకదాని తర్వాత ఒకటి ఎండినాయి. ఊట ఎండితే బురద ఎండింది, బురద ఎండితే మొలక లేదు. ఫోర్ట్ స్టాక్టన్‌కు ఉత్తరాన డైమండ్ వై అనే ఒక ఊట మిగిలింది, చుట్టూ చమురు బావులు. 1990లో ప్రకృతిని కాపాడే ఒక సంస్థ ఆ భూమి కొని పెట్టింది కాబట్టి అక్కడ ఆ పువ్వు ఇంకా పూస్తుంది. 1999లో అమెరికా సర్కారు ఈ మొక్కను ముప్పులో ఉన్న జాతిగా చట్టంలో చేర్చింది. కారణాల్లో ముందు వరసలో రాసింది నీళ్లు తోడేయడం.

చూసినారా? పువ్వును చంపింది, వంద కుటుంబాల రైతులను ఊరొదిలి పంపింది ఒకటే పని. పువ్వు వేరు కాలి అంచున ఉంటుంది, అందుకే అది ముందు పోతుంది. దాని తర్వాత లోతు లేని బావి ఉన్నవాడు పోతాడు. ఆ తర్వాత నాలుగు వందల అడుగుల వాడు. చివరికి వెయ్యి అడుగులకు డబ్బున్నవాడు ఒక్కడు మిగులుతాడు, వాడూ ఎన్నాళ్లో. ఇందులో పువ్వు ఒక పక్క, రైతు ఒక పక్క అని గీత గీసింది ఎవరు? చిన్న రైతు, పువ్వు ఒకే పక్కన ఉన్నారు. మన కళ్లకు అది కనబడనీయకుండా చేసిన మాటే "పువ్వు ముఖ్యమా, రైతు ముఖ్యమా" అన్నది.

"అట్లాంటి చట్టం మన దాకా వస్తే పొలంలో అరుదైన మొక్క మొలిచిందని భూమి లాక్కుంటారు" అని ఒకాయన భయపెట్టినాడు. అల్లుణ్ణి అడిగి తెలుసుకున్నా. అమెరికా చట్టంలో జంతువుకు ఉన్నంత రక్షణ మొక్కకు లేదు. సొంత భూమిలో ఆ మొక్క ఉంటే, సర్కారు డబ్బు గానీ సర్కారు అనుమతి గానీ అక్కర్లేని పనికి, ఆ చట్టం సాధారణంగా భూమి యజమానికి అడ్డం రాదు. దున్నుకోవచ్చు కూడా. అంటే పువ్వుకు చట్టం ఉన్నా, దాని కాళ్ల కింది నీళ్లకు సరైన కాపు లేదు. చట్టం పువ్వుకు ఎక్కువ చేసిందని మనం నవ్వినాం గానీ, అసలు చేసింది చాలా తక్కువ.

పువ్వును కాపాడేవాళ్లకూ ఒక మాట. వాళ్లు ఫోటోలు తీస్తారు, పుస్తకాలు రాస్తారు, సభలు పెడతారు. అందులో కమాంచీ దిగువన బీడుపడిన ఆ వంద కుటుంబాల మాట ఎంత ఉంటుంది? ఇక్కడ మన దగ్గరా అంతే. పట్నం నుంచి వచ్చి చెట్టు గొప్ప, పిట్ట గొప్ప అని చెప్పేవాళ్లు, మన బావి ఎప్పుడు ఎండిందని అడగరు. అందుకే రైతుకు వాళ్ల మీద కోపం. ఆ కోపం నాకూ ఉంది. కానీ వాళ్ల మీద కోపంతో మన కాలు మనం నరుక్కోవద్దు.

ఇంకో పోలిక కూడా చెప్పాలి, మనకు బాగా తెలిసింది. అక్కడ నది గట్లు కోసుకుపోకుండా ఉంటుందని ఒకప్పుడు పాత ప్రపంచం నుంచి టామరిస్క్ అనే చెట్టు తెచ్చి పెట్టినారు. దాన్ని ఉప్పు సెడార్ అంటారు. అది కమ్ముకొని పువ్వు చోటు ఆక్రమించింది. మన దగ్గర సర్కారు తుమ్మ చేసిన పని అదే. ఆ సర్కారు తుమ్మ అమెరికా ఖండం నుంచే మనకు వచ్చింది. వాళ్ల కంప మనకు, మన పక్క కంప వాళ్లకు. తెచ్చినప్పుడు అందరూ మంచికే అన్నారు, ఇప్పుడు పీకలేక చస్తున్నారు.

ఇక నా సంగతి. ఊరోళ్లకు తెలిసిందే, అయినా నా నోటితో నేను చెప్పాలి.

2006లో నేను నా చేలో నాలుగు వందల ఎనభై అడుగుల బోరు వేసినా. మంచి నీళ్లు పడినాయి. కరెంటు ఉచితం. వరి పెట్టినా, మెట్ట చేలో వరి. పక్కన మా చిన్నాయన దిగుడు బావి ఉండేది, నలభై అడుగులు, రాతి కట్టుబడి, మా తాత తవ్వించింది. ఆయన దాని కింద ఎకరంన్నర మిరప, వంకాయ పెట్టుకొని ఇల్లు గడిపేవాడు. నా బోరు ఆడిన రెండో వేసవికి ఆ బావిలో బురద కనపడింది. నాలుగో వేసవికి బావి అడుగున రాయి కనపడింది. వాళ్ల పెద్దోడు బెంగళూరుకు బిల్డింగ్ పనికి పోయినాడు, ఇంకా రాలేదు.

అప్పుడు నన్ను ఎవరో అడిగినారు, "మీ చిన్నాయన బావి నీ వల్లే ఎండింది కదా" అని. నేనన్న మాట నాకు బాగా గుర్తుంది. "నా భూమిలో నేను వేసుకున్నా. భూమి కింద నీళ్లు ఎవరివో ఎవరికి తెలుసు?" అన్నా. టెక్సాస్ జడ్జీ చెప్పిన తీర్పు, ఆ కోర్టు పేరు కూడా తెలియకుండానే, నా చిన్నాయన మీద నేను చెప్పినా.

2014లో నా బోరు కూడా ఎండింది. తర్వాత రెండు వేసినా, రెండూ ఉత్తవే. ఆ అప్పు తీర్చడానికి రెండు ఎకరాలు అమ్మినా. మా చిన్నాయన ఇప్పటికీ కనబడితే "బాగున్నావారా" అంటాడు. ఒక్కసారి తిట్టి ఉంటే బాగుండేది.

కాబట్టి చీనీ తోట ఆయన మీద రాళ్లేసే హక్కు నాకు లేదు. ఆయన చెడ్డవాడని నేను అనడం లేదు. ఆయనా రైతే, ఆయనకూ పిల్లలు ఉన్నారు, అప్పులు ఉన్నాయి. ఎగువన బోర్లు వేసిన టెక్సాస్ వాళ్లూ రైతులే. నేను అడిగేది ఒకటే. మనిషి చెడ్డవాడు కాకపోయినా పని చెడ్డది కావచ్చు, ఆ పని ఆపే పద్ధతి ఊరికి ఉండాలా వద్దా?

మన వంక ఊట ఏమంత గొప్పది అంటారు. సెకనుకు వెయ్యి లీటర్లు లేవు, నిజమే. చిటికెన వేలు లావు ధార. దాని కింద మూడు ఎకరాలు చౌడు పట్టిన జవుకు నేల. అక్కడ అరుదైన పువ్వు ఉందని నేను చెప్పడం లేదు, నేనేమీ శాస్త్రజ్ఞుణ్ణి కాదు. కానీ మే నెలలో ఊళ్లో గొర్లన్నీ తాగేది అక్కడే. చాకలోళ్లు ఒకప్పుడు చౌడు మట్టి ఎత్తుకుపోయేది అక్కడి నుంచే. ఊరి తాగునీటి బోరు దానికి కూతవేటు దూరంలో ఉంది. ఆ జవుకు తడిగా ఉన్నన్నాళ్లు అడుగున నీళ్లు ఉన్నాయని మా తాత అనేవాడు. ఆ నేల మనకు మీటరు. మీటరు పగలగొట్టి, నీళ్లు ఎంత ఉన్నాయో తెలియదంటే ఎట్లా?

టెక్సాస్ రైతులకు లేనివి మనకు కొన్ని ఉన్నాయి. అవైనా వాడుకోవాలి.

మొదటిది చట్టం. 2002లో వాల్టా చట్టం వచ్చింది, నీరు, నేల, చెట్ల చట్టం. ఊరి తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపల బోరు వేయాలంటే అనుమతి కావాలి. టేపు పెట్టి కొలుద్దాం. లోపల ఉంటే ఊరు తరఫున కాగితం పెడదాం. బయట ఉంటే ఆయనతో కూర్చొని మాట్లాడదాం. చట్టం ఉందన్న సంగతి బోరు లారీ ఊళ్లోకి వచ్చినాక గుర్తుకొస్తే లాభం లేదు.

రెండోది లెక్క. 2000ల దశాబ్దంలో మన కర్నూలు, అనంతపురం, కడప, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ, ఈ ఏడు జిల్లాల్లో రైతులే భూగర్భజలాలు కొలిచే పథకం ఒకటి నడిచింది. ఊళ్లో వాన కొలిచినారు, పదిహేను రోజులకొకసారి బావుల్లో నీటి మట్టం కొలిచినారు, రబీకి ముందు అందరూ కూర్చొని ఇన్ని నీళ్లున్నాయి, ఇన్ని పంటలకు సరిపోతాయి అని లెక్క రాసుకున్నారు. ఎవరినీ ఎవరూ బలవంతం చేయలేదు. లెక్క గోడ మీద రాస్తే, వరి పెట్టేవాడు తనంతట తానే ఆలోచించినాడు. పథకం పోయింది, పద్ధతి పోవాల్సిన పని లేదు. దానికి కావలసింది ఒక టేపు, ఒక పలక, ఒక సుద్దముక్క.

మూడోది పంపకం. చీనీ తోటకు నీళ్లు కావాలి, ఒప్పుకుంటా. ఉన్న బోర్లలో నీళ్లు మిగిలినవాళ్లు ముగ్గురున్నారు. పైపు వేసి, డ్రిప్పు పెట్టి, కొత్త బోరు ఖర్చులో సగం పెడితే ఆ తోట తడుస్తుంది. నా పొలం మీదుగా పైపు పోవాలంటే రూపాయి అడగను. ఈ మాట అందరి ముందు రాసి ఇస్తున్నా.

"ఒక్క మన ఊరు ఆగితే నీళ్లు ఆగుతాయా, పక్క ఊరోడు తోడడా" అంటారు. తోడతాడు. కమాంచీ రైతులు కూడా ఒక్కళ్లే నిలబడి ఓడిపోయినారు. కానీ వాళ్లు కోర్టుకు పోయింది ఊట సన్నబడినాక. మనం ఊట ఇంకా పారుతుండగా మాట్లాడుకుంటున్నాం. ఆ తేడా చిన్నది కాదు.

అంగడి కాడ నవ్విన అన్నకు చివరి మాట. అన్నా, పువ్వుకు చట్టం, రైతుకు అప్పు అన్నావు. అప్పు ఎట్లా వచ్చింది? నీ అప్పులో ఎంత భాగం ఎండిపోయిన బోర్లది? ఇంటికి పోయి వదినను అడుగు, ఆమెకు లెక్క బాగా తెలుసు. ఆ పువ్వు కాళ్ల కింద తడి ఆరనీయకుండా చూసుకున్న ఊరు ఏదైనా ఉంటే, ఆ ఊళ్లో నీకు నాకు ఈ అప్పు ఉండేది కాదు.

ఆదివారం పొద్దున ఏడు గంటలకు వంక కాడికి రండి. టేపు నేను తెస్తా. ముందు మా చిన్నాయన బావిలో మట్టం కొలుద్దాం. నీళ్లు లేకపోయినా కొలుద్దాం, ఎంత లోతు ఎండిందో పలక మీద రాద్దాం. పక్కనే నా పేరు కూడా రాయండి.